ఆకాశంలో పిచ్చాపాటి

ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కి, ముందు సీట్లో చోటు దొరికినవాళ్లు చూసే ఉంటారు. డ్రైవరు తల మీదుగా ఓ హెచ్చరిక. బస్సు నడుస్తున్నప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదు అని. రంగు వెలిసిపోయినా అక్షరాలు కనపడుతూనే ఉంటాయి. దాన్ని చదవనివాళ్లు తక్కువ. పాటించేవాళ్లు ఇంకా తక్కువ. 'అన్నా, ముద్దనూరు మీద పోతాదా?' అని ఒకరు మొదలుపెడతారు. పోతాదంటే పులివెందుల బస్సు అక్కడ దొరుకుతాదా అని ఇంకో ప్రశ్న. ఆ తరవాత వానలు, శనగ ధర, ఎలక్షన్లు... మాట మాటను లాక్కొస్తుంది. డ్రైవరూ మనిషే కదా, ఓ కంటితో రోడ్డు చూస్తూ జవాబులిస్తూనే ఉంటాడు. దేవుడి దయవల్ల నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాదు. ఆ మిగిలిన ఒక్కసారి కోసమే ఆ బోర్డు.

మరి విమానంలో? అక్కడా ఉంది. గోడ మీద రాసి ఉండదు గానీ పైలట్ల రూల్ బుక్కులో ఉంది. ఆ రూలు ఎందుకు పుట్టిందో, దాన్ని మరిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే అమెరికా కథలతో మొదలుపెట్టనక్కర్లేదు. కడప జిల్లా ఎన్నటికీ మరిచిపోలేని ఒక రోజుతో మొదలుపెడితే చాలు.

ఆ ఆరు నిమిషాలు

2009 సెప్టెంబరు 2. బుధవారం. ముసురు పట్టిన ఉదయం. ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి బయల్దేరారు. ఉదయం 8.38కి బేగంపేటలో బెల్-430 హెలికాప్టర్ గాల్లోకి లేచింది. లోపల అయిదుగురు. ముఖ్యమంత్రి, ఆయన ప్రత్యేక కార్యదర్శి, భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు. గంట తిరక్కముందే కబురు ఆగిపోయింది.

జమ్మలమడుగు ఆయన పుట్టిన ఊరు. డాక్టరుగా తొలి రోజుల్లో పనిచేసింది అక్కడి మిషన్ ఆసుపత్రిలోనే. పులివెందుల ఆయన్ను 1978లో మొదటిసారి అసెంబ్లీకి పంపిన ఊరు. ఆ పగలూ ఆ రాత్రీ ఈ ఊళ్లలో టీవీ ముందు నుంచి లేచినవాళ్లు లేరు. సైన్యం, వాయుసేన, పోలీసులు, అడవి గురించి తెలిసిన చెంచులు... అందరూ నల్లమలను గాలించారు. మర్నాడు ఉదయం పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. అయిదుగురిలో ఎవరూ మిగల్లేదు.

ఆ తరవాత నిపుణుల కమిటీ కూర్చుంది. ఆర్.కె.త్యాగి నాయకత్వంలోని ఆ కమిటీ హెలికాప్టర్‌లోని వాయిస్ రికార్డరును విప్పి విన్నది. నివేదికలో తేల్చిన ప్రధాన కారణం వాతావరణం. కారుమబ్బుల్లోకి వెళ్లిన హెలికాప్టర్‌ను పైనుంచి కిందికి కొట్టే బలమైన గాలి పట్టేసింది. పైలట్ల అదుపు తప్పింది. కుట్ర జరిగిందనడానికి ఆధారాలు లేవని కూడా కమిటీ చెప్పింది.

కానీ అదే నివేదికలో మరో మాట ఉంది. అంత చర్చ జరగాల్సింది దాని మీద. ప్రమాదానికి ముందు హెలికాప్టర్‌లో రెండో నంబరు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ విషయంలో ఏదో తేడా కనిపించింది. పైలట్లు దాని గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఏం చేయాలో పుస్తకంలో వెతకడం మొదలుపెట్టారు. అలా ఆరు నిమిషాలకు పైగా గడిచిపోయింది. ఈలోగా హెలికాప్టర్ అనుకున్న దారి నుంచి పక్కకు జరిగి, వాతావరణ రాడార్‌లో ఎర్రగా కనిపించే ప్రాంతంలోకి వెళ్లిపోయింది. ఎరుపు అంటే అటు పోవద్దని అర్థం. తీరా పరిస్థితి తెలిసేసరికి, దిగడం ఆపి మళ్లీ పైకి లేపమనే అర్థంలో పైలట్లు వాడే 'గో ఎరౌండ్' అనే మాట కో పైలట్ గొంతులో పదేపదే వినిపించింది. అప్పటికే ఆలస్యమైంది.

గమనించాల్సిందేమిటంటే, వాళ్లు సినిమా కబుర్లు చెప్పుకోలేదు. రాజకీయాలు మాట్లాడలేదు. పనికి సంబంధించిన మాటే మాట్లాడుకున్నారు. అయినా ఆ మాట ఇద్దరి దృష్టినీ ఒకేసారి మింగేసింది. ఒకరు పుస్తకం చూస్తున్నప్పుడు ఇంకొకరు ఆకాశాన్నే చూడాలి. విమానయానంలో మొదటి పాఠం ఇదే. ముందు నడుపు, తరవాత దారి చూసుకో, ఆ తరవాతే మాట్లాడు.

చనిపోయిన ఆ ఇద్దరూ అనుభవజ్ఞులే. వాళ్లను తప్పుబట్టడానికి కాదు ఈ మాటలు. ఏ ప్రమాదమూ ఒక్క కారణంతో జరగదు. గొలుసులో చాలా లంకెలుంటాయి. ఆ ఆరు నిమిషాలు అందులో ఒక లంకె. మిగతావి మన చేతుల్లో లేకపోవచ్చు. వాన మన మాట వినదు, గాలి మన మాట వినదు. చేతుల్లో ఉన్న లంకె మాత్రం మాటే.

చిన్న బల్బు... పెద్ద పాఠం

ఇలాంటిదే ఒక సంఘటన అంతకు ముప్ఫై ఏడేళ్ల కిందట అమెరికాలో జరిగింది. 1972 డిసెంబరు 29 రాత్రి. ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం మయామీలో దిగబోతోంది. ముందు చక్రం సరిగా తెరుచుకుందని చెప్పే చిన్న దీపం వెలగలేదు. చక్రం పడలేదా, బల్బు మాడిందా? కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లందరూ ఆ బల్బు మీద పడ్డారు. దాన్ని పీకి చూస్తున్నారు, మాట్లాడుకుంటున్నారు. ఈలోగా విమానాన్ని ఒకే ఎత్తులో ఉంచాల్సిన ఆటోపైలట్ సర్దుబాటు తప్పింది. విమానం నెమ్మదిగా కిందికి దిగుతోంది. హెచ్చరిక మోగినా ఎవరి చెవికీ ఎక్కలేదు. చిత్తడి నేలల్లో కూలిపోయింది. 101 మంది చనిపోయారు. విచారణలో తేలిందేమిటి? చక్రం బాగానే తెరుచుకుంది. మాడింది బల్బే!

రెండేళ్లు తిరక్కుండానే మరొకటి. 1974 సెప్టెంబరు 11. అదే సంస్థకు చెందిన 212 విమానం షార్లట్ నగరంలో దిగబోతోంది. పొగమంచు. పైలట్లు మాత్రం కబుర్లలో ఉన్నారు. రాజకీయాల నుంచి పాత కార్ల దాకా అన్నీ దొర్లాయి. ఎంత ఎత్తులో ఉన్నామో చూసుకోలేదు. రన్‌వే ఇంకా దూరంగా ఉండగానే నేలను తాకింది. 70 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

ఇలాంటివి వరసగా చూశాక 1981లో అమెరికా విమానయాన శాఖ ఒక నిబంధన పెట్టింది. దాని పేరు 'స్టెరైల్ కాక్‌పిట్'. ఆపరేషన్ థియేటర్‌లో క్రిములు ఉండకూడదన్నట్టే కాక్‌పిట్‌లో అనవసరపు మాట ఉండకూడదన్నమాట. విమానం నేల మీద కదలడం మొదలైనప్పటి నుంచి పదివేల అడుగుల ఎత్తుకు చేరేదాకా, మళ్లీ దిగేటప్పుడు పదివేల అడుగుల కిందికి వచ్చినప్పటి నుంచి ఆగేదాకా, ఆ పనికి అవసరమైన మాట తప్ప మరోటి ఉండదు. కాఫీలు ఉండవు, కబుర్లు ఉండవు. ఎయిర్ హోస్టెస్ కూడా అత్యవసరమైతే తప్ప తలుపు తట్టదు. ఇప్పుడు ప్రపంచమంతా ఇదే పద్ధతి. మన దేశంలోనూ అంతే.

పదివేల అడుగులే ఎందుకు? ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే జరుగుతాయి గనక. అప్పుడు పొరపాటు చేస్తే సర్దుకోవడానికి చేతిలో సమయం ఉండదు, కింద ఖాళీ ఉండదు. మోటర్‌సైకిల్ మీద గండికోట ఘాటు దిగేవాడు మలుపులో కబుర్లు చెప్పడు కదా. అదే సూత్రం.

పదివేల అడుగులు దాటాక ఇష్టమొచ్చినట్టు ఉండొచ్చా? అదీ కుదరదని 2009లోనే తేలింది. పావురాలగుట్ట ప్రమాదం జరిగిన సరిగ్గా ఏడు వారాలకు, అక్టోబరు 21న, అమెరికాలో నార్త్‌వెస్ట్ 188 విమానం తాను దిగాల్సిన మినియాపొలిస్ నగరాన్ని దాటి దాదాపు 150 మైళ్లు ముందుకు వెళ్లిపోయింది. గంటకు పైగా రేడియోలో పలకలేదు. హైజాక్ అయిందేమోనని పైవాళ్లు హడలిపోయారు. అసలు సంగతి ఏమంటే, పైలట్లిద్దరూ లాప్‌టాప్‌లు తెరిచి కంపెనీ కొత్తగా తెచ్చిన డ్యూటీ చార్టుల గురించి చర్చించుకుంటున్నారు! ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ ఇద్దరి లైసెన్సులూ రద్దయ్యాయి. నెలలపాటు టీవీ హాస్య కార్యక్రమాలకు వాళ్లే సరుకయ్యారు.

గోడలకే కాదు... డబ్బాకూ చెవులుంటాయి

మిగతా ఉద్యోగాలకూ పైలట్ ఉద్యోగానికీ ఒక తేడా ఉంది. గుమాస్తా పక్క సీటువాడితో ఏం మాట్లాడాడో ఎవరూ రాసిపెట్టుకోరు. పైలట్ మాట మాత్రం ప్రతిదీ రికార్డవుతుంది.

కాక్‌పిట్‌లోని మాటల్ని రికార్డు చేయాలనే ఆలోచన 1950ల్లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డేవిడ్ వారెన్‌కు వచ్చింది. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు, 1934లో, తండ్రి విమాన ప్రమాదంలో పోయారు. ఆ విమానానికి ఏమైందో ఎవరూ చెప్పలేకపోయారు. పెద్దయ్యాక ఆయన తయారుచేసిన ఈ పెట్టెను మొదట్లో ఎక్కువగా వ్యతిరేకించింది పైలట్లే. మా మాటలు ఎవరో వినడమేమిటని. వాళ్ల బాధలోనూ న్యాయముంది. నాలుగ్గోడల మధ్య మాట బజారున పడితే ఎవరికి మాత్రం బాగుంటుంది?

ఆ భయం నిజమైంది కూడా. 1988 ఆగస్టు 31న డాలస్‌లో డెల్టా 1141 విమానం టేకాఫ్ కోసం వరసలో నిలబడి ఉంది. పైలట్లు కబుర్లలో పడ్డారు. అంతకుముందు కూలిన మరో విమానం రికార్డరులో దొరికిన పైలట్ల సరసపు కబుర్లు పేపర్లకెక్కిన సంగతి కూడా వాళ్ల మాటల్లో వచ్చింది. మనం పోతే పేపర్లవాళ్లకు మనం కూడా ఏదో ఒకటి వదిలిపెట్టాలి అన్న ధోరణిలో నవ్వుకున్నారు. కొద్ది నిమిషాలకే విమానం పైకి లేవలేక కూలింది. రెక్కలకు ఉండే ఫ్లాప్స్‌ను దించడం మర్చిపోయారు. 14 మంది పోయారు. పైలట్లు బతికారు. తమ నవ్వుల్ని తామే టీవీలో వినాల్సి వచ్చింది.

దీని తరవాత 1990లో అమెరికా చట్టం మార్చింది. విచారణకు అవసరమైన మాటల్ని కాగితం మీద ఇవ్వొచ్చు, గొంతుల్ని మాత్రం బయటపెట్టకూడదు అని. అంతర్జాతీయ నిబంధనలూ ఈ రికార్డింగులకు రక్షణ కల్పిస్తున్నాయి. ఎవరినో బజారుకీడ్చడానికి కాదు, మళ్లీ అలాంటిది జరక్కుండా చూడడానికే విచారణ అన్నది వాటి సారం.

మన దగ్గరా ఉదాహరణలకు కొదవలేదు. విమానాలన్నీ ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంచాల్సిన రేడియో ఫ్రీక్వెన్సీ ఒకటుంది. 121.5 మెగాహెర్ట్జ్. ఆపదలో ఉన్నవాడు కేక వేసేది దాని మీదే. 2022 ఏప్రిల్‌లో మన పైలట్లు కొందరు దాని మీద జీతాల గొడవ పెట్టుకున్నారు. కొవిడ్ కాలంలో కోసిన జీతాలు పూర్తిగా రాలేదన్న కోపం. ఆ కోపంలో తిట్లు కూడా దొర్లాయి. విమానయాన నియంత్రణ సంస్థ విచారణకు దిగింది. అడిగింది అన్యాయమని ఎవరూ అనరు. కానీ అడిగిన చోటు? 108కు ఫోన్ చేసి కరెంటు బిల్లు గురించి పోట్లాడినట్టుంది. ఆ క్షణంలో నిజంగా ఆపదలో ఉన్నవాడెవడైనా పిలిస్తే వినపడేదెలా? ఇది మన జాడ్యమే అనుకోనక్కర్లేదు. అమెరికాలో అదే ఫ్రీక్వెన్సీ మీద పైలట్లు పిల్లిలా 'మ్యావ్' అని అరిచి నవ్వుకోవడం అక్కడివాళ్లకు పాత తలనొప్పి.

2023 మార్చి 8, హోలీ రోజు. ఢిల్లీ నుంచి గువాహటి వెళ్తున్న విమానంలో ఇద్దరు పైలట్లు కాఫీ కప్పును ఇంజిన్ల మీటల దగ్గర పెట్టుకుని, కజ్జికాయల్లాంటి గుజియాలు తింటున్న ఫొటో బయటికొచ్చింది. కప్పు ఒలికితే కింద ఉన్నదంతా ఎలక్ట్రానిక్ సామగ్రే. సంస్థ ఆ ఇద్దర్నీ డ్యూటీ నుంచి తప్పించింది. పండగ పూట ఒక తీపి తినడం నేరమా అని జాలిపడ్డవాళ్లున్నారు. నిజమే, తిన్నందుకు కాదు శిక్ష. కానీ వెనక సీట్లలో ఉన్నవాళ్లకు కనిపించేదేమిటి? పైలట్ మొహాన్ని వాళ్లు చూడరు. మైకులో వినిపించే నాలుగు ముక్కలే చూచాయగా ఆయన్ను చూపిస్తాయి. ఆ నాలుగు ముక్కల మీద నమ్మకంతోనే చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది తల్లి. ఆ నమ్మకం విమానానికి మూడో ఇంజిన్ లాంటిది. అది ఆగిపోకూడదు.

మౌనమూ ముప్పే

అలాగని నోరు కట్టేసుకోవడం మందు కాదు. మన కళ్లముందే మరో సంఘటన ఉంది. 2010 మే 22. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో కొండ మీది రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. ఎనిమిది మంది బతికారు. రికార్డరు విప్పితే చాలాసేపు మాటల్లేవు. కెప్టెన్ గురక మాత్రం ఉంది. దిగేవేళకు ఆయన లేచారు. విమానం ఉండాల్సిన దానికన్నా ఎత్తులో, వేగంగా వస్తోంది. వద్దు, మళ్లీ పైకి లేపుదామని కో పైలట్ చెప్పాడు. ఆయన వినలేదు. చిన్నవాడు అంతకు మించి గట్టిగా చెప్పలేకపోయాడు.

అందుకే ఇప్పుడు పైలట్లకు నడపడంతో పాటు మాట్లాడడం కూడా నేర్పుతారు. పెద్దాయన తప్పు చేస్తుంటే చిన్నవాడు ఎలా చెప్పాలి, చిన్నవాడు చెబితే పెద్దాయన ఎలా వినాలి అని. మన ఇళ్లలో ఇది మరీ కష్టం. 'పెద్దవాళ్లకు ఎదురుచెప్తావా?' అంటూ పెరిగినవాళ్లం. కాక్‌పిట్‌లో ఎదురుచెప్పకపోవడమే తప్పు.

సరైన మాట ఏం చేయగలదో 1989 జులై 19న అమెరికాలో యునైటెడ్ 232 విమానం చూపించింది. తోక దగ్గరి ఇంజిన్ పేలి, విమానాన్ని తిప్పే హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయాయి. పుస్తకంలో అలాంటి పరిస్థితికి జవాబే లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్, ఆయనతో ఉన్నవాళ్లు, ప్రయాణికుడిగా వచ్చి సాయానికి దిగిన మరో పైలట్... అందరూ క్షణం ఆగకుండా మాట్లాడుకున్నారు. ఎవరేం చేయాలో పంచుకున్నారు. మిగిలిన రెండు ఇంజిన్ల వేగాన్ని ఎక్కువ తక్కువలు చేస్తూ విమానాన్ని సూ సిటీ దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. ఏ రన్‌వే మీదైనా దిగండి అని టవర్ నుంచి చెబితే, రన్‌వే మీదే దిగాలంటారా అని హేన్స్ చమత్కరించారు కూడా. అంత కష్టంలోనూ నవ్వు ఉంది. ఆ నవ్వు పనిని మరిపించలేదు, భయాన్ని మరిపించింది. తేడా అక్కడుంది.

మరి కింద ఉన్నవాళ్లు?

పైలట్ల మాటకు ఇన్ని కట్టుబాట్లున్నాయి. పైలట్ల గురించి మాట్లాడే మనకు?

2010 జనవరి 7 రాత్రి. వై.ఎస్. మరణం వెనక కుట్ర ఉందంటూ ఒక విదేశీ వెబ్‌సైట్‌లో వచ్చిన రాతను పట్టుకుని టీవీల్లో కథనాలు వచ్చాయి. దానికి ఆధారమేమిటని అడిగినవాళ్లు లేరు. గంటల్లో రాష్ట్రంలో చాలాచోట్ల ఒక పెద్ద వ్యాపార సంస్థ దుకాణాల మీద దాడులు మొదలయ్యాయి. అద్దాలు పగిలాయి. కేసులు పడ్డాయి, అరెస్టులు జరిగాయి. గుండె మండుతున్న జనానికి ఒక్క మాట చాలు. ఆ మాట అన్నవాడికి సముద్రాలవతల ఏ నష్టమూ లేదు. అద్దాలు పగిలింది ఇక్కడ, జైలుకెళ్లింది ఇక్కడి పిల్లలు.

నిన్నగాక మొన్న జరిగింది ఇంకొకటి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలి, లోపల ఉన్న 242 మందిలో ఒక్కరు తప్ప అందరూ పోయారు. కింద ఉన్నవాళ్లతో కలిపి 260 మంది. నెల తిరిగాక ప్రాథమిక నివేదిక వచ్చింది. ఇంధనం అందించే రెండు స్విచ్చులూ క్షణం తేడాతో ఆఫ్ స్థానానికి మారాయని, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగ్గా తాను ఆపలేదని మరొకరు అన్నారని అందులో ఉంది. ఆ రెండు ముక్కలు ఎవరివో కూడా నివేదిక చెప్పలేదు. అయినా వాట్సాప్ గ్రూపుల్లో, విదేశీ పత్రికల్లో తీర్పులు వెలువడ్డాయి. తుది నివేదిక రాకముందే చనిపోయిన పైలట్ మీద నింద పడింది. పైలట్ల సంఘాలు మండిపడ్డాయి. కెప్టెన్ తండ్రి తొంభై ఏళ్లు దాటిన వయసులో సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. మీ అబ్బాయిని ఎవరూ తప్పుపట్టలేరు, ఆ బరువు మనసులో మోయకండి అన్న అర్థంలో న్యాయమూర్తులు 2025 నవంబరులో ఆయనకు ధైర్యం చెప్పారు. కొడుకు పోయిన ఇంట్లో ఆ ధైర్యం చెప్పాల్సింది కోర్టా? చుట్టూ ఉన్న మనుషులు ఆ పని చేసి ఉంటే ఆయనకు ఢిల్లీతో పనేముంది?

చనిపోయిన పైలట్ జవాబు చెప్పుకోలేడు. తన రికార్డింగులో తాను అన్న మాటకు వివరణ ఇచ్చుకోలేడు. అందుకే వాళ్ల గురించి అనే ప్రతి మాటా రెండుసార్లు తూచి అనాలి.

తూకం

కడప విమానాశ్రయం 2015 జూన్ 7న మళ్లీ ప్రయాణికులకు తెరుచుకుంది. పైలట్ శిక్షణ సంస్థల కోసం దేశంలో ఎంపిక చేసిన విమానాశ్రయాల రెండో విడత జాబితాలో భావనగర్, హుబ్బళ్లి, కిషన్‌గఢ్, సేలంలతో పాటు కడప పేరూ చేరింది. ఇంజినీరింగ్, డాక్టరు తప్ప మరో చదువు తెలియని ఇళ్లలో ఇప్పుడు 'మావాడు పైలట్ అవుతాడంట' అన్న మాట వినిపిస్తోంది. లక్షల ఫీజు, లెక్కలు, ఫిజిక్సు, కంటిచూపు... అన్నీ అడిగి తెలుసుకుంటారు. మాట గురించి మాత్రం ఎవరూ అడగరు.

నిజానికి దానికి శిక్షణ ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. పిల్లవాడు బండి నడిపేటప్పుడు ఫోన్ చేయకపోవడం. చేసినా వాడు ఎత్తకపోతే కోప్పడకపోవడం. తప్పు చూస్తే పెద్దవాళ్లకైనా మర్యాదగా, గట్టిగా చెప్పనివ్వడం. ఫోన్లోకి వచ్చిన ప్రతి వార్తనూ నలుగురికి పంపేముందు ఎవరు చెప్పారు అని ఒక్క ప్రశ్న వేసుకోవడం. వీటికి ఫీజు లేదు.

ఇంకా బాగా తెలియాలంటే ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో ఓ పూట కూర్చుంటే చాలు. రెండో బొంబాయి అని పేరుపడ్డ ఊరు. పెళ్లివారు వస్తారు. ఏ ఊరు, ఎవరి తాలూకు, మంచినీళ్లు తాగుతారా, ఎండలెట్లున్నాయి... షరాబు మాటలతో అంగడి కళకళలాడుతుంది. కానీ నగను త్రాసులో పెట్టాక చూడాలి. ఫ్యాను ఆపుతాడు. మాటా ఆపుతాడు. ఎదురుగా ఉన్న పెళ్లికూతురి తల్లి కూడా ఊపిరి బిగబట్టి చూస్తుంది. త్రాసు నిలిచి, తూకం చెప్పాక మళ్లీ నవ్వులు, మళ్లీ కబుర్లు.

గురిగింజ ఎత్తు బంగారం తేడా రాకూడదని అంత మౌనం. వందల ప్రాణాలు తూకంలో ఉన్నప్పుడు ఎంత ఉండాలి?